నేల నెరిగిన కొలత

మన తాతల కాలంలో గింజలు కొలిచే మానిక ఊరూరికి ఒక తీరుగా ఉండేది. పేరు ఒక్కటే, లోతు మాత్రం వేరు. ఒక సంతలో పది మానికలుగా కొన్న జొన్నలు మరొక సంతలో తొమ్మిదే కావచ్చును, పదకొండైనా కావచ్చును. ఇందులో మోసం చేసినవారెవరూ లేకపోయినా నష్టపడినవారు మాత్రం ఉండేవారు. 1956లో తూనికలు కొలతల ప్రామాణిక చట్టం వచ్చి, మెట్రిక్ పద్ధతి దేశమంతటా క్రమంగా అమలయిన పిదపగాని ఈ చిక్కు విడిపోలేదు. గింజ ఎక్కడ పండినా కిలో కిలోయే అయినది.

గింజలను కొలవడం తేలిక. వాటికి మంచిరోజు, చెడ్డరోజు అనే భేదం లేదు. కాని మనిషి నేర్పును కొలవవలసివచ్చినపుడు ఏమి చేయవలె? అందులోను ఒకడు చదును నేలమీద, మరొకడు రాళ్ళ దిబ్బమీద తన నేర్పును చూపవలసివచ్చినపుడు ఇద్దరినీ ఒకే మానికతో కొలిస్తే అది న్యాయమనిపించుకుంటుందా? ఈ ప్రశ్నకు గోల్ఫు అనే ఆట మూడు శతాబ్దాలకు పైగా సమాధానం వెదుకుతూ వచ్చి, 2020లో దేశదేశాలకు చెల్లే ఒక పద్ధతిని ఏర్పరచుకొన్నది. ఆ పద్ధతి ఆటగాళ్ళకే గాక, పిల్లల నేర్పును దినదినమూ కొలిచే ఉపాధ్యాయులకు, ఆ కొలతకు లోబడే విద్యార్థులకు కూడ తెలియదగినది.

ఎర్రగుంట్లలో ఈ న్యాయం కొత్త కాదు

కడప జిల్లా ఎర్రగుంట్లలో గోల్ఫు మైదానం లేదు. ఊరి పేరులో గుంటలున్నవిగాని, తెల్లని బంతి వచ్చి పడే గుంటలు అక్కడ లేవు. ముంబయి–చెన్నై రైలు మార్గం మీద ఉన్న ఆ జంక్షను, సిమెంటు కర్మాగారాలతోను నాపరాయి వ్యాపారంతోను పేరు పొందినది. పచ్చికకు నీరు పెట్టడం మాట అటుంచి, పైరుకే నీరు చాలని సీమ అది. అయినప్పటికీ గోల్ఫు ఆటగాళ్ళు ‘హాండికాప్’ అని పిలిచే న్యాయసూత్రం ఆ ప్రాంతపు రైతులకు తెలియనిది కాదు.

తిరునాళ్ళకు, పర్వదినాలకు రాయలసీమ పల్లెలలో జరిగే బండలాగుడు పోటీలను తలచుకొంటే సంగతి బోధపడుతుంది. ఆ పోటీలలో ఎద్దులన్నింటినీ ఒకే గాటన కట్టరు. పళ్ళు చూచి వయస్సు తేల్చి, పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని తరగతులుగా విభజిస్తారు. లేత కోడెలకు తేలిక బండ, ముదిరిన ఎద్దులకు బరువు బండ. నియమిత కాలంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగినదో కొలిచి బహుమతులిస్తారు. నాలుగు పళ్ళ జతను సీనియరు జతతో పోటీకి నిలిపి, ‘ఓడిపోయింది, ఇది పనికిరాని జత’ అని ఏ రైతూ అనడు. బలానికి తగిన బరువు పెట్టిన పిమ్మటనే గెలుపు ఓటములకు అర్థమని అతనికి తెలుసు.

పిల్లల ఆటలలో దీనికి వ్యతిరేకమైన ఒక ఆచారం ఉన్నది. మరీ చిన్నవాడు ఆడతానని మారాం చేస్తే, వానిని ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకొంటారు. వాడు పరుగెత్తవచ్చును, అరవవచ్చును. కాని పట్టుబడినా అవుటు కాడు, గెలిచినా లెక్కలోకి రాడు. ఇది దయ మాత్రమే, న్యాయం కాదు. బలహీనుని ఆటలో ఉంచుతూనే లెక్కలోనుంచి తీసివేయడం అరటిపండు పద్ధతి. బలహీనునికి తగిన వెసులుబాటు ఇచ్చి, అటుపైన అతనిని పూర్తిగా లెక్కలోకి తీసుకోవడం హాండికాప్ పద్ధతి. ఈ రెండింటికీ గల దూరమే ఈ వ్యాసానికి విషయం.

మాట పుట్టుక

‘హాండికాప్’ అనే మాట అంగవైకల్యాన్ని సూచించే పదంగా మన దేశంలో చాలకాలం వ్యాపించినది. ఆ వాడుక ఇప్పుడు మర్యాద కాదని విడిచిపెడుతున్నారు. దాని మొదటి అర్థం అది కానే కాదు. టోపీలో చేయి పెట్టి ఆడే ఒక మారకపు ఆటనుండి ఈ పేరు వచ్చినదంటారు. ఇద్దరు తమ వస్తువులను మార్చుకోదలచినపుడు ఒక మధ్యవర్తి రెంటి విలువలోని తేడాను నిర్ణయించేవాడు. తక్కువ విలువగల వస్తువు ఇచ్చేవాడు ఆ తేడాను సొమ్ముగా చెల్లించేవాడు. 17వ శతాబ్దిలోనే ఇంగ్లండులో ఈ ఆట ఉన్నది. పిమ్మట గుర్రపుపందెములవారు ఆ మాటను స్వీకరించి, వడిగల గుర్రంమీద ఎక్కువ బరువు మోపి పందెమును సమం చేయడానికి వాడుకొన్నారు. అనగా హాండికాప్ అన్నది లోపానికి పేరు కాదు. తేడాను తీర్చే లెక్కకు పేరు.

గోల్ఫులో ఈ ఆలోచనకు దొరికిన తొలి జాడ ఒక విద్యార్థి దినచర్య పుస్తకంలో ఉండటం విశేషం. స్కాట్లండులోని ఎడింబరోలో చదువుకొంటున్న థామస్ కిన్‌కెయిడ్ అనే యువకుడు 1687లో వ్రాసుకొన్న దినచర్యలో, అసమానమైన ఇద్దరు ఆటగాళ్ళమధ్య వెసులుబాటు ఇచ్చి ఆడటం మంచిదా కాదా అని చర్చించుకొన్నాడు. మూడువందల ఏండ్లకు పైగా సాగిన ఒక అన్వేషణకు ఆ పుటలలో బీజం పడినదని చెప్పవచ్చును.

ఆట, దాని చిక్కు

ఆట సూక్ష్మంగా ఇది. మైదానంలో పదునెనిమిది గుంటలుంటవి. ఒక్కొక్క గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. దూరంనుండి కర్రతో బంతిని కొట్టుకొంటూ వచ్చి గుంటలో వేయవలె. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలిచినట్లు. నిపుణుడు ఒక్కొక్క గుంటకు ఎన్ని దెబ్బలు తీసుకోవలెనో ముందే నిర్ణయించి ఉంటుంది. దానిని ‘పార్’ అంటారు. పదునెనిమిది గుంటలకూ కలిపి పార్ తరచుగా 72 ఉంటుంది.

సామాన్యుడు 72 దెబ్బలలో ముగించలేడు. అతనికి తొంబదియో నూరో పడుతుంది. అతని నేర్పును బట్టి కొన్ని దెబ్బలను మొత్తంలోనుంచి తీసివేయనిస్తే, అతడు నిపుణునితో సమంగా పోటీపడవచ్చును. ఆ తీసివేసే దెబ్బల లెక్కయే హాండికాప్. ఇరవై హాండికాప్ గలవాడు 92 కొట్టితే 72గా లెక్క. తాత మనుమలు, గురుశిష్యులు ఒకే ఆటలో నిజంగా పోటీపడగల ఏర్పాటు ఇది.

ఇంతవరకు తేలికగానే ఉన్నది. చిక్కు నేలదగ్గర వచ్చినది. క్రికెట్టు పిచ్ ఎక్కడైనా 22 గజాలే. చదరంగపు బల్ల ఎక్కడైనా అరువదినాలుగు గళ్ళే. గోల్ఫు మైదానాలు మాత్రం ఏ రెండూ ఒక్కతీరుగా ఉండవు. ఒకటి సముద్రతీరపు ఇసుక దిబ్బలమీద, ఒకటి అడవి నడుమ, ఒకటి కొండవాలున. నీరు చాలని దేశాలలో, గుంట చుట్టూ పచ్చికకు బదులు నూనె కలిపిన ఇసుకను పరచి, దానిమీదనే ఆడిన మైదానాలు మన దేశంలోను గల్ఫు దేశాలలోను ఉండేవి. వాటిని పచ్చనివి అనలేక గోధుమరంగువి అన్న అర్థంలో ‘బ్రౌనులు’ అని పిలిచారు. దుబాయిలో 1988లో ఎమిరేట్స్ గోల్ఫు క్లబ్బు తెరచేవరకు ఆ ప్రాంతపు ఆట ఇసుకమీదనే సాగినది. ఇసుకమీద 90 కొట్టినవాడు గొప్పవాడా, పచ్చికమీద 85 కొట్టినవాడు గొప్పవాడా? అంకెను మాత్రమే చూచేవాడు రెండవవానిని మెచ్చుకొంటాడు. నేలను కూడ చూచేవాడు ఆగి ఆలోచిస్తాడు.

బండలాగుడు పోటీలలోను ఈ చిక్కు ఉన్నది. పళ్ళనుబట్టి తరగతి ఏర్పరచడం ఎద్దులమధ్య భేదాన్ని తీర్చినదిగాని, ఒక ఊరి ఇసుకనేలకు మరొక ఊరి గట్టినేలకు గల భేదాన్ని తీర్చలేదు. అందుచేత ఒక తిరునాళ్ళలో లాగిన అడుగులను మరొక తిరునాళ్ళ అడుగులతో పోల్చి ఏ జత మేటి అని తేల్చడం కష్టం.

ఆరు దేశాల ఆరు మానికలు

జాతీయస్థాయిలో ఒక క్రమమైన హాండికాప్ పద్ధతిని తొలిసారి నడిపినవారు స్త్రీలు. బ్రిటనులో 1893లో స్థాపితమైన లేడీస్ గోల్ఫ్ యూనియన్, ఇసెట్ పియర్సన్ అనే ఆమె పూనికతో, క్లబ్బు క్లబ్బుకు మారని పద్ధతిని ఆ శతాబ్ది ముగిసేలోగా నెలకొల్పినది. పురుషుల సంస్థలు ఆ పని తరువాత చేపట్టినవి. అమెరికా గోల్ఫు సంఘం 1911లో తన జాతీయ పద్ధతిని ప్రవేశపెట్టినది.

కాలక్రమాన ప్రపంచంలో ఆరు పద్ధతులు నిలదొక్కుకొన్నవి: అమెరికాది ఒకటి, బ్రిటను ఐర్లండులది ఒకటి, యూరపుఖండానిది ఒకటి, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనాలవి ఒక్కొక్కటి. అమెరికాలో స్నేహితులతో సరదాగా ఆడిన ఆట కూడ లెక్కకు వచ్చేది. బ్రిటనులో ముఖ్యంగా పోటీ ఆటలే ప్రమాణం. అమెరికాలో చివరి ఇరవై ఆటలలో మేలైన పదింటి సగటును, ఆస్ట్రేలియాలో మేలైన ఎనిమిదింటి సగటును తీసుకొనేవారు. బ్రిటనులో సగటు అన్నదే లేక, ఒక్కొక్క పోటీ తరువాత అంకెను పైకో క్రిందికో కొంచెం జరిపేవారు.

దీని ఫలితం ఊహించవచ్చును. హైదరాబాదులో పుట్టి, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసి, పిదప లండనుకు బదిలీ అయిన ఒక ఇంజనీరు ఉన్నాడనుకొందాం. అతని చేతికర్ర అదే, భుజబలం అదే, అయినా అతని అంకె విలువ మాత్రం సముద్రం దాటగానే మారిపోయేది. అక్కడి పన్నెండు ఇక్కడ పదునాలుగా, పదియా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు. మన పాత మానిక కథే అది.

ఇది పెద్దల వినోదపు చిక్కే గదా అని తీసివేయడానికి వీలులేదు. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు వంటి ప్రసిద్ధ మైదానాలలో ఆడదలచినవారు తమ అధికారిక అంకెకు రుజువు చూపవలె. దేశాంతరపు పోటీలలో ప్రవేశానికి కూడ అదే ఆధారం. అనగా ఆ అంకె ఆటగాని ప్రవేశపత్రం వంటిది. ప్రవేశపత్రం ఒక దేశంలో చెల్లి మరొక దేశంలో చెల్లకపోతే నష్టం కొత్తగా వచ్చినవానికే. అతనిని ఎరిగినవారు అక్కడ ఉండరు. అతని తరపున మాట్లాడేది ఆ అంకె ఒక్కటే.

కష్టం అందరికీ ఒకే బరువు కాదు

ఈ చిక్కుకు అసలైన మందు కనుగొన్నవాడు అమెరికా నౌకాదళంలో పనిచేసిన డీన్ నూత్ అనే పరిశోధకుడు. 1970ల చివరలో ఆయన గుర్తించిన సత్యం మిక్కిలి సరళమైనది, మిక్కిలి లోతైనది కూడ. కఠినమైన మైదానం అందరికీ సమానంగా కఠినం కాదు.

నిపుణుడు నీటిగుంటను దాటించి కొట్టగలడు. అతనికి ఆ నీరు కనిపించని శత్రువు. సామాన్యుని బంతి అందులోనే పడుతుంది. కఠినమైన నేల నిపుణునికి రెండు దెబ్బలు అదనంగా తెస్తే, సామాన్యునికి ఎనిమిది తేవచ్చును. కాబట్టి మైదానపు కష్టాన్ని ఒక అంకెతో కొలిస్తే చాలదు, రెండంకెలు కావలె. నిపుణునికి ఎన్ని దెబ్బలు పడతవో చెప్పేది మొదటిది. దానికి కోర్సు రేటింగు అని పేరు. నిపుణునికంటె సామాన్యునికి ఆ నేల ఎంత ఎక్కువగా బరువవుతుందో చెప్పేది రెండవది. దానికి స్లోప్ రేటింగు అని పేరు. స్లోప్ 55 మొదలు 155 వరకు ఉండవచ్చును. సామాన్యమైన కష్టానికి 113. ఈ పద్ధతిని 1982లో కొలరాడో రాష్ట్రంలో ప్రయోగించి చూచి, 1987 నాటికి అమెరికా అంతటా అమలు చేశారు.

రాయలసీమవాసికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. కరువు ఒక ఊరిమీద పడినపుడు ఊరివారందరిమీదా ఒకే బరువుతో పడదు. లోతైన బోరు ఉన్నవానికి అది ఒక కష్టకాలం. వానను నమ్ముకొన్న వేరుసెనగ రైతుకు వలసకు దారి. కరువును వర్షపాతపు మిల్లీమీటర్లతో మాత్రమే కొలిచేవాడు సగమే కొలిచినవాడు. నేల ఎంత కఠినమన్నది ఒక ప్రశ్న; ఆ కాఠిన్యం ఎవరిమీద ఎంత పడినదన్నది రెండవ ప్రశ్న.

లెక్క చేసి చూద్దాం

2020లో, స్కాట్లండులోని ఆర్ అండ్ ఏ సంస్థ, అమెరికా గోల్ఫు సంఘం కలిసి ఆరు పద్ధతులనూ ఏకం చేసి ప్రపంచ హాండికాప్ విధానాన్ని ప్రారంభించినవి. విద్యార్థులు పలకమీద వేసి చూచుకోదగిన లెక్క ఇది.

ఒక ఆటగాడు కఠినమైన మైదానంలో 92 దెబ్బలు తీసుకొన్నాడనుకొందాం. ఆ మైదానపు కోర్సు రేటింగు 71.2, స్లోప్ 130. దెబ్బలలోనుంచి రేటింగును తీసివేయగా 20.8 మిగిలినది. దానిని 113 చేత గుణించి 130 చేత భాగిస్తే 18.1 వస్తుంది. మరునాడు అతడే తేలిక మైదానంలో 85 దెబ్బలలో ముగించాడు. అక్కడి రేటింగు 68, స్లోప్ 105. తీసివేయగా 17, దానిని 113 చేత గుణించి 105 చేత భాగిస్తే 18.3.

పైకి చూస్తే 92కు 85కు ఏడు దెబ్బల తేడా ఉన్నది. రెండవనాడు అతడు బాగా మెరుగైనట్లు కనిపిస్తుంది. నేలను లెక్కలోకి తీసుకొన్న మీదట రెండు ఆటలూ దాదాపు సమానమే. మొదటినాటి ఆటయే వెంట్రుకవాసి మేలు.

ఇట్లు వచ్చిన ఫలితాలలో చివరి ఇరవైని తీసుకొని, వాటిలో ఉత్తమమైన ఎనిమిదింటి సగటు కడితే అతని హాండికాప్ సూచిక వస్తుంది. ఇరవై ఆటలు లేనివారికి వేరే పట్టిక ఉన్నది. మొత్తం 54 గుంటలు, అనగా మూడు పూర్తి ఆటలు ఆడితే మొదటి సూచిక లభిస్తుంది. స్త్రీలకైనా పురుషులకైనా గరిష్ఠం 54. పూర్వం బ్రిటనులో ఈ హద్దు చాలకాలం పురుషులకు 28, స్త్రీలకు 36గా ఉండేది. హద్దును పెంచడమంటే, ఇప్పుడే కర్ర పట్టిన కొత్తవానిని కూడ అరటిపండు చేయక లెక్కలోకి తీసుకోవడమే.

ఈ సూచికకు దేశం లేదు. దానిని వెంటబెట్టుకొని ఎక్కడికి పోయినా, అక్కడి నేలనుబట్టి దానిని దెబ్బలుగా మార్చుకోవలె. సూచికను స్థానిక స్లోప్ చేత గుణించి 113 చేత భాగించి, రేటింగుకు పార్‌కు గల తేడాను కలుపుకొంటారు. మన ఆటగాని సూచిక 18.1 అనుకొంటే, 72 పార్ గల కఠిన మైదానంలో అతనికి 20 దెబ్బలు లభిస్తవి. 70 పార్ గల తేలిక మైదానంలో 15 మాత్రమే. మనిషి మారలేదు, సూచిక మారలేదు. నేల మారినది గనుక వెసులుబాటు మారినది. రేటింగుకు పార్‌కు గల తేడాను కలిపే ఈ చివరిమెట్టును బ్రిటను, ఐర్లండులు 2024లో గాని అంగీకరించలేదు. ఏకమైన కొలతకు కూడ ఒక్కరోజులో అందరి ఒప్పుదల దొరకదు.

వాతావరణాన్ని కూడ ఈ పద్ధతి మరువలేదు. ఒకనాడు పెనుగాలి వీచి అందరి ఆటా చెడితే, కనీసం ఎనిమిదిమంది ఫలితాలను పరిశీలించి ఆనాటి లెక్కను సవరిస్తారు. పరీక్షనాడు గాలివాన వచ్చినదన్న సంగతి జవాబుపత్రం మీద కనిపించదు. ఈ ఆట దానిని కూడ పద్దులో వ్రాసుకొన్నది.

అధికారిక సూచిక పొందగోరేవారు సాధారణంగా తమ దేశపు గోల్ఫు సంఘానికి అనుబంధమైన క్లబ్బులో చేరవలె. మన దేశంలో ఈ బాధ్యత 1955లో ఏర్పడిన ఇండియన్ గోల్ఫ్ యూనియనుది. ఒకరికి రెండు మూడు క్లబ్బులలో సభ్యత్వమున్నా, ఒకదానిని స్వంత క్లబ్బుగా ఎన్నుకొనవలె, సూచిక ఒక్కటే. పరదేశంలో ఆడిన ఆటను కూడ, ఆ మైదానపు రేటింగు, స్లోపులతోపాటు తన పద్దులో చేర్చుకొనవలె. బాగా ఆడిన ఆటను చేర్చి, చెడిన ఆటను దాచడం గాని, సూచిక పెంచుకోవడానికి మంచి ఆటను మరుగుపరచడం గాని ధర్మం కాదు.

పద్దుకు ప్రాణం నిజాయితీ

ఇక్కడనే ఈ లెక్కలన్నింటికీ ఆధారమైన విషయం వస్తుంది. క్రికెట్టులోవలె గోల్ఫు ఆటగాని వెంట అంపైరు నడవడు. దెబ్బలు లెక్కించుకొనేది ఆడేవాడే. ఒంటరిగా ఆడిన ఆట చెల్లదని, కనీసం ఒక్కరైనా తోడు ఉండవలెనని 2020 విధానం నియమించినది. అయితే తోడున్నవాడు ప్రతి క్షణం చూడలేడు. బలహీనునివలె నటించి ఎక్కువ దెబ్బల వెసులుబాటు సంపాదించి పోటీలలో బహుమతులు కాజేసేవారు లేకపోలేదు. అందుకే సూచిక ఏడాదిలోని కనిష్ఠస్థాయికంటె మూడు పైబడి పెరిగితే ఆ పెరుగుదలను సగానికి తగ్గించి, అయిదుకు మించి పెరగకుండా కట్టుదిట్టం చేశారు. కట్టుదిట్టాలు దొంగకు అడ్డం మాత్రమే. పద్దుకు ప్రాణం పోసేది ఆటగాని మాటయే.

దీనికి ఉదాహరణ మన తెలుగుబిడ్డ జీవితంలోనే ఉన్నది. హైదరాబాదునుండి అమెరికాకు వెళ్ళిన కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో జన్మించిన సాహిత్ తీగల ఈనాడు ప్రపంచమెరిగిన గోల్ఫు ఆటగాడు. బాల్యంలో వెన్నెముక వంపుతో బాధపడిన అతడు, ఆ వంపును లోబరచుకొని తనదైన రీతిలో కర్ర త్రిప్పడం నేర్చుకొన్నాడు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపా పట్టణంలో అమెరికా ప్రధాన పోటీలలో తన తొలి విజయం సాధించాడు. నాపరాతి సీమవారికి ఆ ఊరిపేరు చెవికి ఇంపుగా తోచవచ్చును. వృత్తిగా ఆడేవారి పోటీలలో హాండికాప్ ఉండదు.

2024 ఆగస్టులో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ ఛాంపియన్‌షిప్ జరిగినది. మూడవనాటి ఆటలో అతని బంతి ఇసుకగుంటలో పడినది. కొట్టడానికి కర్రను వెనుకకు ఎత్తుతున్నపుడు అది ఇసుకను రవ్వంత తాకినట్లు అతనికి తోచినది. అట్లు తాకడం నియమవిరుద్ధం. అతడు తానే అధికారులను పిలిచి ఆ సంగతి చెప్పాడు. రెండు దెబ్బల శిక్ష పడినది. పోటీ ముగిసేసరికి అతడు మూడవ స్థానంలో నిలిచాడు. రెండవ స్థానంలోని వానికి అతనికి తేడా సరిగ్గా రెండు దెబ్బలు. ఇసుకరేణువులు సాక్ష్యం చెప్పలేవు. వాటి తరపున అతడే సాక్ష్యమిచ్చాడు. నష్టపోయినది స్థానం మాత్రమే కాదు, మిక్కిలి పెద్ద ధనం కూడ.

1925లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే సుప్రసిద్ధుడు కూడ ఇట్లే తనమీద తానే ఒక దెబ్బ శిక్ష వేసుకొని, తుదకు పోటీ సమమై, మరల ఆడిన ఆటలో ఓడిపోయాడు. తొంబదితొమ్మిదేండ్ల తేడాతో జరిగిన ఈ రెండు సంఘటనలూ చెప్పేది ఒకటే. కొలత ఎంత సూక్ష్మమైనదైనా, కొలిపించుకొనేవాడు నిజం చెప్పకపోతే అది వట్టి అంకె.

బడిలోని మైదానం

గోల్ఫు ధనికుల ఆట అన్న మాట నిజం. ఒక మైదానానికి కావలసిన నేల, నీరు సీమ పల్లెలకు కలలోని మాట. ఆ ఆటను అందరూ ఆడవలెనని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ ఆట కనుగొన్న న్యాయాన్ని ఉచితంగా తీసుకోవడానికి మాత్రం మనకు అడ్డులేదు.

నేడు ప్రవేశపరీక్షలు అనేక పూటలలో జరుగుతున్నవి. ఒక పూట ప్రశ్నపత్రం కఠినంగా, మరొక పూట తేలికగా రావచ్చును గనుక, నార్మలైజేషన్ పేరుతో మార్కులను సవరించి సమానం చేస్తున్నారు. ఇది కోర్సు రేటింగు వంటిది. ప్రశ్నపత్రపు కష్టాన్ని గుర్తించినది. కాని ఆ ప్రశ్నపత్రం ఎవరిమీద ఎంత బరువుగా పడినదో చెప్పే రెండవ అంకె ఏ పట్టికలోను లేదు. పట్టణంలో శిక్షణాలయాల నడుమ పెరిగిన పిల్లవానికి, తండ్రి గనిలో రాయి కొట్టుతూండగా ఇంటిలో తొలిసారి అక్షరం దిద్దిన పిల్లకు ఆ కాగితం ఒకే బరువు కాదు. మార్కులను సవరించే యంత్రానికి ఈ సంగతి తెలియదు. ఉపాధ్యాయునికి తెలుసు.

తెలిసినవాడు ఏమి చేయవలె? మార్కులు దానం చేయమని గోల్ఫు చెప్పదు. అది అరటిపండు పద్ధతి. పిల్లను ఆటలో ఉంచి లెక్కలోనుంచి తీసివేయడం. గోల్ఫు చెప్పేవి మూడు మాటలు. ఆటను కొలిచేముందు నేలను కొలువు. ఇరవై ప్రయత్నాలలో చెడిన పన్నెండింటిని చూచి తీర్పు చెప్పక, మేలైన ఎనిమిదింటిని చూచి సామర్థ్యాన్ని గుర్తించు. వెసులుబాటు ఇచ్చిన పిమ్మట, ఫలితాన్ని నిజాయితీగా లెక్కపెట్టు. ఈ మూడింటిలో ఏది లోపించినా కొలత చెడుతుంది.

విద్యార్థులు కూడ ఒకటి గ్రహించవలె. హాండికాప్ అంకె సిగ్గుపడవలసినది కాదు, గర్వపడవలసినదీ కాదు. అది ఈనాడు తానెక్కడ ఉన్నాడో తనకు తెలిపే గుర్తు. నిజంగా ఆడేవాని అంకె మారుతూనే ఉంటుంది. ఎర్రగుంట్ల జంక్షనులో రైలెక్కి దూరదేశాలకు చదువుకు, కొలువుకు పోయే పిల్లలు తమ నేల కఠినమైనదని నొచ్చుకొనే సందర్భాలు రావచ్చును. పై లెక్కలో కఠిన మైదానంలో కొట్టిన 92, తేలిక మైదానంలో కొట్టిన 85కంటె వెంట్రుకవాసి మేలుగా తేలిన సంగతిని వారు అప్పుడు తలచుకొనవలె. ఎక్కువ దెబ్బలు పడినంతమాత్రాన తక్కువవాడు కాడు. ఏ నేలమీద పడినవో కూడ చెప్పినపుడే ఆ లెక్క పూర్తి అవుతుంది.